గ్రాఫీన్ సూక్ష్మ సూపర్ కెపాసిటర్ గారికి

మహారాజశ్రీ సూపర్ కెపాసిటర్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. విద్యుత్తు దాచుకునే తమరు దయచేస్తే ఫోను క్షణంలో నిండిపోతుందని పత్రికలు రాసి చాలా ఏళ్లయింది. మా ఇంట్లో ఛార్జరు ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

తమ వంశం సామాన్యమైనది కాదు. 2004లో మాంచెస్టర్‌లో శాస్త్రవేత్తలు ఆండ్రే గైమ్, నోవోసెలోవ్‌లు గ్రాఫైట్‌కు టేపు అతికించి, లాగి, మళ్లీ అతికించి, ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొరను, అంటే గ్రాఫీన్‌ను పట్టారు. 2010లో నోబెల్ కూడా అందుకున్నారు. గ్రాఫైట్‌తో చేసే పెన్సిల్ ములుకు తమ దాయాదేనన్న సంగతి మాత్రం తమరు ఎక్కడా ఎత్తరు.

తమ పురుడు ఇంకా ముచ్చట. 2013లో లాస్ ఏంజెలెస్‌లో పరిశోధకులు ఎల్-కాడీ, కానర్‌లు డీవీడీ మీద గ్రాఫైట్ ఆక్సైడ్ పూత పూసి, డిస్కుల మీద బొమ్మలు చెక్కే లైట్‌స్క్రైబ్ డ్రైవులో పెట్టారు. లేజరు తగిలినచోటల్లా గోధుమరంగు పూత నల్లబడి గ్రాఫీన్ అయింది. అరగంటలో ఒక్క డిస్కు మీద వందకు పైగా తమ సోదరులు పుట్టారు! డీవీడీల కాలం చెల్లిపోయింది గానీ తమరు మా గడప తొక్కలేదు.

బ్యాటరీలా తమరు రసాయన చర్యల జోలికి పోరు. అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, పొర మీద ఆనుకుంటే చాలు, సెకన్లలో నిండుతారు, వేలసార్లు నింపినా అలసిపోరు. ఒప్పుకున్నాం. గ్రాముకు 2,630 చదరపు మీటర్ల ఉపరితలం ఉందంటారు, మన లెక్కలో 65 సెంట్లు. పట్టా కాగితంలో ఉన్నంత నేల పొలంలో ఉండదు కదా! పేర్చగానే పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అయాన్లకు చోటుండదు. అందుకే బజారులో దొరికే సూపర్ కెపాసిటర్ కిలోకు 5 నుంచి 10 వాట్-గంటల విద్యుత్తు దాస్తే, లిథియం బ్యాటరీ 150 దాటిస్తుంది. పైగా ఊరికే ఉంచినా తమ నిల్వ కారిపోతుంది.

అయినా తప్పంతా తమది కాదు. ఫోను మాట ఎత్తింది శీర్షికలు పెట్టినవాళ్లు. తమ పేరు అట్ట మీద అచ్చేసి పవర్ బ్యాంకులు అమ్ముకునేవాళ్లూ ఉన్నారు, లోపల బరువు మోసేది లిథియమే.

ఒక్క మనవి. ఫోను ఆశ వదిలి, సెన్సార్లలోని బుల్లి బ్యాటరీ పక్కన చేరండి. సెన్సారు నిద్ర లేచి రేడియో సందేశం పంపే ఆ ఒక్క క్షణం ఆ బ్యాటరీకి ప్రాణసంకటం, తమకు చిటికెలో పని. వచ్చేటప్పుడు ధర కూడా ముందే చెప్పండి.

ఇట్లు,
ఎదురుచూడడం మానేసిన ఒక వినియోగదారుడు