అద్దె ఇళ్ళ ఓటు ఎవరికీ పట్టదా?

బ్రిటన్‌లో 2023-24 ప్రభుత్వ లెక్కల ప్రకారం 45 లక్షల మంది పిల్లలు పేదరికంలో ఉన్నారు. ఇంటి ఖర్చు పోగా చేతిలో మిగిలే డబ్బును బట్టి కట్టిన లెక్క ఇది. అంటే పదిమంది పిల్లల్లో ముగ్గురు. వాళ్ళ అమ్మానాన్నలు ఖాళీగా కూర్చోలేదు, ఈ పిల్లల్లో పదింట ఏడుగురి ఇళ్ళలో ఎవరో ఒకరు పనికి వెళ్తూనే ఉన్నారు. ఆ ఏడాదే ట్రస్సెల్ అనే స్వచ్ఛంద సంస్థ ఫుడ్ బ్యాంకులు 31 లక్షలకి పైగా పార్సెళ్ళు పంచాయి. కారణాలు అడిగితే జీతాలు, అద్దెలు, గ్యాస్ బిల్లులు అంటారు, అన్నీ నిజమే. కానీ ఇక్కడి మన తెలుగు అసోసియేషన్ సమావేశాల్లో అసలు వినపడని కారణం ఇంకొకటి ఉంది. అది ఇక్కడ ఓట్లు సీట్లుగా మారే పద్ధతి.

2024 జులై ఎన్నికల్లో లేబర్ పార్టీకి పడింది 33.7 శాతం ఓట్లు, వచ్చింది 650లో 411 సీట్లు. వలసలంటే పడని రిఫార్మ్ యూకే పార్టీకి 14 శాతం ఓట్లు, 5 సీట్లు. లిబరల్ డెమోక్రాట్లకి అంతకంటే తక్కువ ఓట్లు, కానీ 72 సీట్లు. మన వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, ఎందుకంటే మన దేశం ఈ పద్ధతిని వీళ్ళ దగ్గరే తీసుకుంది. ఆంధ్రలో 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లొస్తే 23 సీట్లు, 2024లో వైసీపీకి అదే 39 శాతం వస్తే 11 సీట్లు. మీరు ఏ పార్టీ అభిమానులైనా, రెండిట్లో ఒకటి మీకు అన్యాయంగా అనిపించే ఉంటుంది.

పేదరికానికీ దీనికీ ఏం సంబంధం అంటే, ఈ పద్ధతిలో పార్టీలు అందరి ఓట్లూ అడగవు, అడగాల్సిన అవసరమే లేదు. గెలుపోటములు తేలేది కొన్ని నియోజకవర్గాల్లోనే, డబ్బూ మనుషులూ హామీలూ అన్నీ అక్కడికే వెళ్తాయి. లివర్‌పూల్ వాల్టన్ చూడండి, ఇంగ్లండ్‌లోని అతి పేద నియోజకవర్గాల్లో ఒకటి. 2019లో అక్కడ లేబర్‌కి దాదాపు 85 శాతం ఓట్లు పడ్డాయి. అక్కడ కష్టపడి కన్జర్వేటివ్ పార్టీకి వచ్చేది లేదు, పట్టించుకోకపోయినా లేబర్‌కి పోయేది లేదు. ఎవరికీ భయం లేని చోట ఎవరూ వినరు.

టూ చైల్డ్ లిమిట్ కథ తీసుకోండి. 2015లో 37 శాతం ఓట్లతో పూర్తి మెజారిటీ తెచ్చుకున్న కన్జర్వేటివ్ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ దీన్ని ప్రకటించారు. 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన మూడో బిడ్డకి, ఆ తర్వాతి పిల్లలకి యూనివర్సల్ క్రెడిట్‌లో (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వమిచ్చే సాయం) పిల్లల భాగం రాలేదు, అంటే ఒక్కో బిడ్డకి ఏడాదికి సుమారు 3,500 పౌండ్లు పోయినట్టే. 2024లో లేబర్ వచ్చాక కూడా దీన్ని ఉంచారు, ఎత్తేయాలని ఓటేసిన తమ ఎంపీలు ఏడుగురిని పార్లమెంటరీ పార్టీ నుంచి సస్పెండ్ చేశారు. చివరికి 2026 ఏప్రిల్ నుంచి తీసేస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో చెప్పారు. ఈలోపు ఆ మూడో బిడ్డ స్కూల్లో మూడు నాలుగు తరగతులు దాటేశాడు.

దీని పక్కనే వింటర్ ఫ్యూయెల్ పేమెంట్, అంటే చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి పెద్దవాళ్ళకిచ్చే సాయం, పెట్టి చూడండి. 2024 జులైలో చాలామంది పెన్షనర్లకి అది కట్ చేస్తామన్నారు, ఏడాది తిరక్కుండానే వెనక్కి తగ్గారు. స్టేట్ పెన్షన్ ఏటా ట్రిపుల్ లాక్ ప్రకారం (ధరల పెరుగుదల, జీతాల పెరుగుదల, 2.5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంత) పెరుగుతుంది, పనిచేసే వయసు వాళ్ళకిచ్చే సాయాల్లో చాలావాటిని మాత్రం 2016 నుంచి నాలుగేళ్ళు అలాగే ఆపేశారు. పెద్దవాళ్ళకి ఇవ్వద్దని నేననను, చలికి వణికే ముసలాళ్ళు కూడా పేదలే. కానీ వాళ్ళు తప్పకుండా వెళ్ళి ఓటేస్తారు, అద్దె ఇళ్ళల్లో ఉండే కుర్ర తల్లిదండ్రులు అంతగా వేయరు, చాలామంది పేర్లు లిస్టులోనే ఉండవు. పార్టీలకి ఈ లెక్క బాగా తెలుసు.

లిస్టులో పేరు లేకపోవడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ఇక్కడ నియోజకవర్గాల హద్దులు గీసేది జనాభాని బట్టి కాదు, రిజిస్టర్ అయిన ఓటర్లని బట్టి. ఇప్పుడున్న హద్దులకి 2020 మార్చి నాటి జాబితా తీసుకుని, ఒక్కో సీటుకి సుమారు 73 వేల మంది అని కట్టారు. తరచూ ఇళ్ళు మారే కిరాయిదారులు ఎక్కువున్న ఊళ్ళలో జనం ఎంతమంది ఉన్నా ఎంపీలు తక్కువే వస్తారు. ఓటేయని వాళ్ళ గొంతే కాదు, వాళ్ళ వీధి మొత్తం గొంతు చిన్నదైపోతుంది.

ఇప్పుడు మన సంగతి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండి ఇక్కడ చట్టబద్ధంగా నివసించే వాళ్ళకి, కామన్వెల్త్ పౌరులు కాబట్టి, పార్లమెంట్ ఎన్నికలతో సహా ఓటు హక్కు ఉంది. స్టూడెంట్ వీసా అయినా, స్కిల్డ్ వర్కర్ వీసా అయినా సరే. పక్కింట్లో ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్న జర్మన్ పౌరుడికి కూడా పార్లమెంట్ ఓటు లేదు. పోలింగ్ బూత్‌లో ఐడీగా మన పాస్‌పోర్టే చూపించొచ్చు. మనలో కొందరు క్రెడిట్ స్కోరు కోసం ఓటరు లిస్టులో పేరు ఎక్కిస్తారు, ఎన్నికల రోజు మాత్రం మనకెందుకులే అని ఆఫీసుకి వెళ్ళిపోతారు. మనకెందుకు అనుకునే పరిస్థితా ఇది? మనం ట్యాక్స్ కడతాం, స్కిల్డ్ వర్కర్ లాంటి వీసాలకి ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జ్ కడతాం, ఉద్యోగం పోతే మాత్రం వీసా షరతు వల్ల యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ ఏవీ రావు. సెటిల్‌మెంట్‌కి, అంటే శాశ్వత నివాసానికి, ఐదేళ్ళు సరిపోదు, పదేళ్ళు ఉండాలని 2025 మేలో ప్రభుత్వమే ప్రతిపాదన పెట్టింది. ఫీజులు కట్టలేక, పార్ట్‌టైమ్ దొరక్క మన పిల్లలు ఎంత టెన్షన్ పడుతున్నారో ఈ పత్రిక చదివే వాళ్ళందరికీ తెలుసు. ఇవన్నీ తేల్చేది వెస్ట్‌మిన్‌స్టర్ పార్లమెంట్‌లోనే.

దామాషా పద్ధతి, అంటే ఎంత శాతం ఓట్లొస్తే దాదాపు అంత శాతం సీట్లిచ్చే పద్ధతి, వస్తే వలసలంటే పడని పార్టీకి సీట్లు పెరుగుతాయి కదా, మనకి మంచిదా అని అడిగే మిత్రులున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. 2024 ఓట్లకి దామాషాలో రిఫార్మ్‌కి తొంభై దాకా సీట్లు వచ్చేవి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఇప్పటి పద్ధతిలో ఐదు పార్టీలు ఓట్లు చీల్చుకుంటే ముప్పై శాతంతో ఎవరైనా మొత్తం అధికారం పట్టేయొచ్చు, వాళ్ళయినా సరే. 2025 మేలో కెంట్, డరమ్ లాంటి కౌంటీ కౌన్సిళ్ళు వాళ్ళ చేతికి వచ్చింది ఈ పద్ధతిలోనే. దామాషాలో ముప్పై శాతం వచ్చినవాళ్ళు మిగతా వాళ్ళతో మాట్లాడక తప్పదు. నాకు ఇదే తక్కువ ప్రమాదంగా కనిపిస్తోంది.

స్కాట్లాండ్ పార్లమెంట్ 1999 నుంచీ దామాషా కలిసిన పద్ధతిలో ఎన్నికవుతోంది. 2021 వరకూ జరిగిన ఎన్నికల్లో ఒక పార్టీకి సొంత మెజారిటీ వచ్చింది 2011లో మాత్రమే. పిల్లల పేదరికం తగ్గించాలనే చట్టాన్ని 2017లో అక్కడి పార్టీలన్నీ ఏకగ్రీవంగా పాస్ చేశాయి, 2021లో పేద కుటుంబాల పిల్లలకి వారానికి 10 పౌండ్లతో స్కాటిష్ చైల్డ్ పేమెంట్ మొదలైంది, 2022 నవంబర్‌కి 25 అయింది. ఇంగ్లండ్‌తో పోలిస్తే అక్కడ పిల్లల పేదరికం తక్కువే. అద్దెలు తక్కువ కావడం కూడా అందుకు కారణం, అంతా ఎన్నికల పద్ధతి గొప్పే అని నేను చెప్పడం లేదు.

2011 రెఫరెండంలో జనం వద్దన్నారు కదా అంటారు. అప్పుడు అడిగింది దామాషా గురించి కాదు, ఆల్టర్నేటివ్ ఓట్ అనే వేరే పద్ధతి గురించి. లేబర్ పార్టీ 1997లో రెఫరెండం పెడతామని మేనిఫెస్టోలో రాసి, గెలిచాక పక్కన పెట్టేసింది. 2022లో వాళ్ళ సొంత కాన్ఫరెన్స్‌లోనే కార్యకర్తలు దామాషా కావాలని తీర్మానం చేశారు, నాయకత్వం తీసుకోలేదు. ఓడినప్పుడు అన్యాయం అనిపించే పద్ధతి గెలిస్తే అందరికీ ముద్దొస్తుంది, అందుకే పైనుంచి ఎవరూ మార్చరు, ఓటర్లు గట్టిగా అడగాలి.

2024లో ఉదయ్ నాగరాజు లేబర్ నుంచి, చంద్ర కన్నెగంటి కన్జర్వేటివ్ పార్టీ నుంచి పోటీ చేస్తే మనమంతా ఫొటోలు షేర్ చేసుకుని సంతోషించాం, మంచిదే. ఈసారి ఇంకొంచెం పని చేద్దాం. వచ్చే బతుకమ్మకి, సంక్రాంతికి, ఉగాదికి హాల్ గుమ్మం దగ్గర ఓటరు రిజిస్ట్రేషన్ టేబుల్ ఒకటి వేయమని కమిటీని కోరుతున్నాను. ఏ పార్టీకి వేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ చేతిలో ఉంటే ఫోన్‌లో ఐదు నిమిషాల పని, పోలింగ్‌కి 12 పనిదినాల ముందే అయిపోవాలి, ఇల్లు మారితే మళ్ళీ చేసుకోవాలి. తలుపు కొట్టిన ప్రతి అభ్యర్థినీ రెండే ప్రశ్నలు అడగండి: దామాషా ఎన్నికలకి మీరు పార్లమెంట్‌లో ఓటేస్తారా? ట్యాక్స్ కట్టే కుటుంబాల పిల్లలకి వీసా పేరు చెప్పి సాయం ఆపడం గురించి ఏం చేస్తారు?