ముందు పిండి పిసకనివ్వండి, ర్యాంకుల సంగతి తర్వాత

2020 లాక్‌డౌన్‌లో ఇంటింటా మొదలైన బ్రెడ్ల మోజు తీరిపోయింది. తిరుపతిలో అప్పుడు కొన్న ఓవెన్లు చాలావరకు అటకెక్కాయి. వాటిని మళ్లీ కిందికి దించాలంటాను. ఆరోగ్యం పేరు చెప్పి మాత్రం కాదు. బ్రెడ్డు బాగా పొంగాలని పిండిలో కలిపే పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం గొడవ, 2016లో దాని మీద నిషేధం అందరికీ గుర్తున్నవే. ఆ భయంతో పిండి కలపడం మొదలుపెట్టినవాళ్లు, భయం తగ్గగానే మానేశారు.

మనది సంగటి తినే సీమ, బ్రెడ్డంటే జ్వరమొచ్చినప్పుడు పాలల్లో ముంచుకుని తినేది, దానికింత హంగామా ఎందుకంటారు కొందరు. వీధి చివర బేకరీలో దొరికేదానికి కరెంటు బిల్లు పెంచుకోవడం దండగ కదా అంటారు. లెక్క నిజమే, ఇంట్లో కాల్చిన బ్రెడ్డు చవకేం కాదు. ఆ లెక్కన సంక్రాంతికి ఇంట్లో అరిసెలు వండటమూ దండగే. స్వీటు షాపులో కిలోల చొప్పున అమ్ముతున్నారుగా!

నాకు నచ్చేది వేరే. బ్రెడ్డు మనిషికి చూడటం నేర్పుతుంది. వీడియోలో ఎవరో చలిదేశపు ఆవిడ పిండి కలిపి, రెండు గంటలు పక్కన పెట్టమంటుంది. ఏప్రిల్లో బయట 40 డిగ్రీలు దాటే తిరుపతిలో అదే పిండి చాలా ముందే గిన్నె అంచుకొచ్చేస్తుంది. గడియారం చూస్తూ కూర్చుంటే పొంగిన పిండి కుంగిపోయి పుల్లకంపు కొడుతుంది. కాబట్టి చూడాల్సింది పిండినే. వేలితో మెల్లగా నొక్కాలి. గుంట చటుక్కున పూడిపోతే ఇంకా టైముంది. నిదానంగా సగం పూడితే ఓవెన్లో పెట్టేయొచ్చు. గుంట అలాగే ఉండిపోతే ఆలస్యమైనట్టే. సంగటి ఉడికిందో లేదో తడిచేత్తో తాకి, అంటుకోకపోతే సరిపోయిందనే చిత్తూరు జిల్లా ఆడవాళ్లకి ఇది కొత్త విద్యేం కాదు. ఎండాకాలం ఇడ్లీ పిండి ఎంతసేపు పులియాలో వాళ్లెప్పుడూ టైమర్ పెట్టుకోలేదు.

ఆ సంగటినే బ్రెడ్డులోకి తేవచ్చు కూడా. పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ రాగుల్లో ఉండదు. పొడి రాగిపిండి ఎక్కువ పోస్తే బ్రెడ్డు పొంగక ఇటుకలా తయారవుతుంది. అదే, ఉప్పేయని సంగటి ముద్ద పిడికెడు తీసుకుని, 500 గ్రాముల మైదా, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఈస్టుతో కలిపి పిసికి చూడండి. ఉడికిన పిండి నీళ్లు పట్టి ఉంచుతుంది, బ్రెడ్డు మర్నాటికీ మెత్తగా ఉంటుంది. సంగటిలో తడి ముందే ఉంది కాబట్టి నీళ్లు కాస్త తగ్గించి మొదలుపెట్టాలి. చక్కీలో పట్టించిన గోధుమపిండి అయితే మైదా కన్నా ఎక్కువ నీళ్లు తాగుతుంది, బ్రెడ్డూ బరువుగానే వస్తుంది. ఏ పిండి ఎంత తాగుతుందో చెయ్యి చెబుతుంది, ప్యాకెట్ మీద రాసి ఉండదు.

చెడిపోయినా ఆ బ్రెడ్డు పనికొస్తుంది. చల్లారాక అడ్డంగా కోస్తే అంతా బయటపడుతుంది. కింద జిగటగా మందపాటి చార ఉంటే, సరిగా పొంగకుండానో సరిగా కాలకుండానో దించేశారన్నమాట. పైభాగం గుంట పడితే మరీ ఎక్కువ పొంగనిచ్చారు. తప్పెక్కడుందో ఇంత సూటిగా చూపించే పరీక్ష మన పిల్లలకి ఇంకెక్కడుంది?

అసలు నా బాధంతా ఈ పిల్లల గురించే. టెన్త్ పరీక్షలు రాసి ఊపిరి తీసుకోకముందే బ్రిడ్జ్ కోర్సుల్లో వేస్తాం. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్ చారు, ఆ తర్వాత బెంగళూరులో స్విగ్గీ. ఇరవై రెండేళ్లొచ్చినా గుడ్డు ఉడకబెట్టడానికి అమ్మకి వీడియో కాల్ చేస్తాడు. ఆడపిల్లకి ఆ వెసులుబాటు కూడా లేదు, వంట రాదంటే పెళ్లిచూపుల్లో అందరూ మొహమొహాలు చూసుకుంటారు. ఒకే ఇంట్లో ఒకరికి అది అర్హత, ఇంకొకరికి అక్కర్లేని పని. ఆదివారం పూట బ్రెడ్డు కాల్చిన మగాడికి మాత్రం స్టేటస్ నిండా చప్పట్లు!

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకి పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలనీ, ఆ రోజుల్లో వడ్రంగి, కుమ్మరి లాంటి వృత్తుల వాళ్ల దగ్గర పని నేర్చుకోవాలనీ చెప్పింది. ఆ వరసలో వంటవాడిని ఎందుకు చేర్చకూడదు? లడ్డూకి 2009లో జీఐ (భౌగోళిక) గుర్తింపు తెచ్చుకున్న ఊరిది. ఆ లడ్డూలు చేసే గుడి వంటశాల, అదే పోటులో పనిచేసే చేతులకి దండం పెడతాం, అదే రకం పని మన పిల్లాడు చేస్తానంటే చదువు పాడైపోతుందని టెన్షన్ పడతాం.

తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ ఉంది. ఓవెన్లు, నేర్పేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. జిల్లా విద్యాశాఖ ఈ రెండు సంస్థలతోనూ మాట్లాడి, ఆ పది రోజుల్లో రెండు రోజులు బడి పిల్లల్ని అక్కడికి పంపాలి. మగపిల్లల్ని తప్పకుండా పంపాలి. పిసికినవాళ్లే గిన్నెలు కూడా కడగాలి.