మా ఇంట్లో ఎవరూ చూడరు

తెలుగునాట ఎవరూ చూడని హాస్య కార్యక్రమం ఒకటి పుష్కర కాలం దాటినా నిరాటంకంగా సాగుతోంది. 2013 ఫిబ్రవరిలో ఒక గురువారం రాత్రి ఈటీవీలో మొదలై, ఆ తర్వాత 'ఎక్స్‌ట్రా' పేరుతో శుక్రవారాన్ని కూడా ఆక్రమించుకున్న జబర్దస్త్‌ను మా ఇంట్లో ఎవరూ చూడరు. మా వీధిలోనూ చూడరు. తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా బాబాయి అయితే ఆ పేరు వింటేనే చెవులు మూసుకుంటారు. మర్యాదస్తుల ఇళ్లలో ఈ ప్రస్తావన తెస్తే వినిపించే జవాబు ఒక్కటే: "అబ్బే, మేం చూడమండీ, ఛానళ్లు తిప్పుతుంటే ఎప్పుడైనా కనబడుతుంది." తిప్పుతున్న వేలు సరిగ్గా అక్కడికి వచ్చేసరికి తిమ్మిరెక్కి, మళ్లీ కార్యక్రమం అయిపోయేదాకా కదలకపోవడం ఏ రకం పక్షవాతమో వైద్యులు తేల్చాలి.

కొన్నేళ్ల కిందట ఒక గురువారం రాత్రి, తొమ్మిదిన్నర దాటి కాసేపయ్యాక, మా వీధిలో కరెంటు పోయింది. అందరూ విసనకర్రలతో అరుగుల మీదకు వచ్చారు. ఎదురింటి పెద్దావిడ అంతసేపూ ప్రవచనం వింటున్నానని, గజేంద్ర మోక్షం మంచి పట్టులో ఉండగా కరెంటు తీసేశారని విచారం వ్యక్తం చేశారు. పక్కింటి బ్యాంకు ఉద్యోగి అంతర్జాతీయ వార్తల్లో మునిగి ఉన్నారట. అంతలో చీకట్లోంచి ఎవరిదో గొంతు, "ఇంతకీ ఆ రెండో పెళ్లాం సంగతి మొదటావిడకు తెలిసిపోయిందా?" అని అడిగింది. గజేంద్ర మోక్షంలో రెండో పెళ్లాం లేదు, అంతర్జాతీయ వార్తల్లోనూ ఆ రోజు అటువంటి విశేషమేదీ లేదు. అయినా జవాబు మూడు అరుగుల మీద నుంచి ఒకేసారి వచ్చింది.

ఇంతటి ఆదరణను అభిరుచి లోపమని కొట్టిపారేసేవారు భరతముని జోలికి వెళ్లలేదని నా అనుమానం. ఆయన నాట్యశాస్త్రం నవ్వును ఆరు రకాలుగా విభజించి, పళ్లు కనబడనివ్వని స్మితంతో మొదలుపెట్టి, కళ్ల నీళ్లతో పక్కలు పట్టుకుని బిగ్గరగా నవ్వే అతిహసితం దగ్గర ముగించింది. మొదటి రెండు ఉత్తములకని, చివరి రెండు అధములకని పంపకం కూడా చేసింది. ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కే తీరిక ఈ కాలపు మనిషికి ఎక్కడిది? జబర్దస్త్ న్యాయనిర్ణేతలు స్కిట్ మొదలైన అరనిమిషానికల్లా నేరుగా అతిహసితానికి చేరుకుని మనకు దారి చూపిస్తారు. వారు కుర్చీలో వెనక్కి వాలితే విన్నది పంచ్, వాలకపోతే వట్టి సంభాషణ. పై అధికారి మాటకు నవ్వాలో వద్దో పొద్దస్తమానం ఆయన ముఖం చూసి తేల్చుకుని అలసిపోయి వచ్చిన ఉద్యోగికి, ఆ తేల్చుకునే పని కూడా ఇంకొకరు చేసిపెట్టడం కన్నా విశ్రాంతి ఏముంటుంది?

విమర్శకులు దూరం నుంచి మాట్లాడతారు గనుక, ఇటువంటి స్కిట్ ఒకదాన్ని మనం దగ్గరగా పరిశీలిద్దాం. ఒక సోఫా, ఒక తలుపు. భర్త ఆఫీసు నుంచి వస్తాడు. భార్య కాఫీ గ్లాసుతో ఎదురొస్తుంది. జడలో కనకాంబరాలు, చేతుల నిండా గాజులు, చెంపల మీద పౌడరు కింద నీలంగా మెరుస్తున్న గడ్డం. "కాఫీ మీ అమ్మగారు పెట్టారండీ" అంటుంది. "అమృతంలా ఉందే!" అంటాడు భర్త. "కాదులెండి, నేనే పెట్టాను." భర్త గ్లాసులోకి మళ్లీ చూసి, "అదే, ఇందాకటి నుంచి కడుపులో తిప్పుతోంది" అంటాడు. చెంప పగులుతుంది. స్ప్రింగు తెగిన శబ్దం. ఆ దెబ్బ మళ్లీ నెమ్మదిగా ఒకసారి, ఇంకో వైపు నుంచి మరోసారి; ఒక న్యాయనిర్ణేత నవ్వు, రెండో న్యాయనిర్ణేత నవ్వు, యాంకర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న నవ్వు, తమ వంతు కోసం పక్కన కూర్చున్న జట్లవారి నవ్వు. పడింది ఒక్క దెబ్బే అయినా దాని మీద ఇంటిల్లిపాదీ భోజనం ముగించవచ్చు. మిగిలిన ఇడ్లీలను మర్నాడు ఉప్మా చేసే ఇల్లాలి నేర్పును మెచ్చుకునే సమాజం ఈ నేర్పును మాత్రం నీచమంటుంది.

ఇక ఆ గడ్డపు ఇల్లాలి సంగతి. ఆమెను చూసి ముక్కు చిట్లించేవారు మన చరిత్రను మరిచారు. స్థానం నరసింహారావు గారు రంగస్థలం మీద సత్యభామగా వెలిగి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడి భామాకలాపంలో అదే సత్యభామకు ప్రాణం పోసిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో ఆ గౌరవం దక్కింది. ఆ పరంపరే నేడు లేడీ గెటప్ అనే పేరుతో కొనసాగుతోంది. తేడా అల్లా, ఆ మహానుభావులు తాము మగవారన్న సంగతి ప్రేక్షకుడు మరిచిపోవాలని జీవితాంతం సాధన చేశారు, వీరు ఆ సంగతి మనం ఒక్క క్షణమైనా మరిచిపోకుండా శ్రద్ధ తీసుకుంటారు.

ఇంకా వెనక్కి వెళితే తోలుబొమ్మలాట ఉంది. తెల్లవార్లూ రామాయణం ఆడుతుంటే చాపల మీద జనం కునికిపాట్లు పడకుండా, మధ్యమధ్య కేతిగాడు, బంగారక్క తెర మీదకు దూకి, ఇక్కడ అచ్చు వేయలేని మాటలు అనుకునేవారు. కేతిగాడి కోసం మన తాతలు రామాయణాన్ని ఓపిగ్గా భరించారు. మన కాలానికి రామాయణం తీసేసి కేతిగాడిని ఉంచారు. అలాగని పూర్తిగా తీసేశారనడం కూడా అన్యాయమే. ఈ కార్యక్రమాన్ని నిర్మించే మల్లెమాల సంస్థ పేరు, సహజకవిగా పేరొందిన ఎం.ఎస్. రెడ్డి గారి కలం పేరు. పద్యాల్లో రామాయణం రాసిన కవి ఆయన. కాబట్టి ప్రతి వారమూ రామాయణ కర్తను స్మరించుకున్నాకే మనం పక్కింటావిడ మీద జోకులకు దిగుతున్నాం.

జాతి సమైక్యతకు ఈ కార్యక్రమం చేసిన సేవ కూడా గుర్తింపునకు నోచుకోలేదు. దీని న్యాయనిర్ణేతలిద్దరిలో, 2019 ఎన్నికల్లో నాగబాబు గారు జనసేన తరఫున నరసాపురం లోక్‌సభ స్థానానికి, రోజా గారు వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నగరి శాసనసభ స్థానానికి పోటీ చేశారు. కార్యకర్తలు టీ కొట్టు దగ్గర వేరువేరు బల్లల మీద కూర్చుంటున్న ఆ కాలంలోనే, నాయకులిద్దరూ తెర మీద పక్కపక్క కుర్చీల్లో ఒకే అత్తగారి మీద ఒకేసారి నవ్వేవారు. 2022లో రోజా గారు మంత్రి అయ్యాక ఆ కుర్చీ వదిలారు. వారికి అప్పగించిన శాఖల్లో సాంస్కృతిక శాఖ కూడా ఉండటం చూస్తే, పూర్వానుభవానికి మన ప్రభుత్వాలు విలువ ఇవ్వవన్న అపవాదు నిజం కాదనిపిస్తుంది.

దారి తప్పినవారు లేరని అనను. ఒకప్పటి జట్టు నాయకుడు వేణు 2023లో 'బలగం' సినిమా తీసి, తెలంగాణ పల్లెల్లో ఊరంతా ఒకచోట కూర్చుని ఏడ్చేలా చేశాడు. వేదిక లోపం అనకూడదు, ఎక్కడైనా ఒకరిద్దరు అలా అవుతారు.

మా బాబాయి మాత్రం ఈ వాదనల్లో దేనికీ లొంగలేదు. ఛానల్ వారికి సమగ్రమైన అభ్యంతర పత్రం రాయాలని ఆయన ఏళ్ల కిందటే సంకల్పించారు. "చూడకుండా ఖండించడం అధర్మంరా" అన్నారు గనుక, వారం వారం కళ్లజోడు తుడుచుకుని టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పొడవాటి లెక్కల పుస్తకంలో గళ్లు గీసి తేదీ, జట్టు, అసభ్య వాక్యం, దోషం అని శీర్షికలు పెట్టారు. ద్వంద్వార్థం దగ్గర 'శ్లేష' అని, తోక కలిసిన పంచుల దగ్గర 'అంత్యప్రాస, యతి లేదు' అని ఎర్ర సిరాతో రాశారు. ఇప్పుడు నాలుగో పుస్తకం నడుస్తోంది. ఉత్తరం ఇంకా మొదలుకాలేదు, ఆధారాలు చాలలేదట. ఎందుకైనా మంచిది ఒకసారి తప్పులు చూడమని మొన్న నాకు మూడో పుస్తకం ఇచ్చారు. ఒక పేజీలో, ఎర్ర సిరాతో 'అత్యంత జుగుప్సాకరం' అని రాసిన చోట, అంచున పెన్సిలుతో ఏదో రాసి రబ్బరుతో చెరిపిన మచ్చ కనబడింది. దీపం దగ్గరకు వంచి చూస్తే అచ్చు దిగి ఉంది: 'బాగుంది. చెల్లాయికి ఫోన్లో చెప్పాలి.'