బీఎడ్ ఇంటర్న్‌షిప్ దండగ అంటున్నవాళ్లకు

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ బీఎడ్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: బడికి పోయి పాఠాలు చెప్పే సెకండియర్ ఇంటర్న్‌షిప్ పచ్చి టైం వేస్ట్, సర్కారు టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో దానికి ఒక్క మార్కు లేదు, హెచ్‌ఎంను బతిమాలి సంతకాలు పెట్టించుకోండి, రికార్డులు బజార్లో దొరుకుతాయి, పాతకాలం ఏడాది బీఎడ్ వాళ్లు నలభై పాఠాలు చెప్పే మంచి సార్లయ్యారు, మనం బడికి పోతే పిల్లల సిలబస్ దెబ్బతింటుంది, పైగా మనతో ఫ్రీగా వెట్టిచాకిరీ చేయించుకుంటారు, కాబట్టి ఆ నాలుగు నెలలు కోచింగ్‌లో కూర్చోండి. కింద మూడు దండాలు, ఒక నిప్పు బొమ్మ, ‘ప్రతి బీఎడ్ మిత్రుడికీ పంపండి’ అని ఒక వినతి.

నేను జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. దాదాపు ప్రతి ఏడూ మా బడికి ట్రైనీలు వస్తారు, వాళ్ల క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని చూసేది నేనే. మెసేజ్ రాసిన తమ్ముడెవరో తెలియదు, కోపమైతే లేదు. కానీ దాన్ని నమ్మి బడి ఎగ్గొట్టేవాళ్లను చూస్తున్నా కాబట్టి ఒక్కో మాటా తీసి చెప్తా.

డీఎస్సీలో మార్కు లేదన్నది మొదటి మాట. ఇంటర్న్‌షిప్ అనే పేరుతో లేదు, నిజమే. మరి పేపర్ ఎలా ఉందో చూశారా? స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) పరీక్ష 80 మార్కులకు 160 ప్రశ్నలు, మిగతా 20 మార్కులు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ. ఆ 80లో మెథడాలజీ, అంటే సబ్జెక్టు ఎలా చెప్పాలన్నది, 16, విద్యా దృక్పథాలు 10. మెథడాలజీ ప్రశ్నలు గైడు చదివి పెట్టొచ్చు, కాదనను. కానీ నాలుగు ఆప్షన్లూ సరైనవిగానే కనిపించే ప్రశ్న ఒకటి వస్తుంది చూడండి, పిల్లవాడు ఇలా తప్పు చేశాడు, టీచర్ ముందు ఏం చేయాలి అని, అక్కడ బట్టీ పనిచేయదు, అలాంటి పిల్లవాణ్ని ఒక్కసారైనా ఎదురుగా చూసుండాలి.

అసలు ఆ మెసేజ్‌లో పెద్ద బొక్క ఇది కాదు. బీఎడ్ చేసినవాళ్లందరూ డీఎస్సీ కొట్టి సర్కారు బడికే పోతారన్న లెక్క ఉంది చూశారా, అదీ అసలు తప్పు. 2024 డీఎస్సీ మొత్తం 11,062 పోస్టులు, ఎంత పండగ చేసుకున్నామో గుర్తుందిగా. అందులో స్కూల్ అసిస్టెంట్లు 2,629 మాత్రమే, అదీ అన్ని సబ్జెక్టులకు, అన్ని జిల్లాలకు కలిపి. 6,508 ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్ పోస్టులు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఎస్జీటీకి బీఎడ్ పనికిరాదు, అవి డీఎడ్ వాళ్లవి. ఇక మీ జిల్లాలో, మీ సబ్జెక్టులో, మీ రిజర్వేషన్ రోస్టర్‌లో ఎన్ని పోస్టులు మిగులుతాయో మీరే లెక్క వేసుకోండి. మిగతావాళ్లు హన్మకొండలోనో, నర్సంపేటలోనో, హుజూరాబాద్‌లోనో ప్రైవేటు బడి మెట్లెక్కాల్సిందే, ముందు కొన్నేళ్లయినా. అక్కడ చాక్‌పీస్ చేతిలో పెట్టి డెమో ఇవ్వమంటారు. అప్పటిదాకా ఒక్క క్లాసుకూ నిలబడని మనిషి డెమోలో బోర్డు వైపు తిరిగి బోర్డుకే పాఠం చెప్తాడు. ప్రిన్సిపాల్‌కు రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది.

ఇక సంతకాలూ రికార్డులూ. ముందు రూల్ చెప్తా, ఎందుకంటే చాలామందికి ఇది ఎవరూ చెప్పరు: టీచర్ కోర్సులకు రూల్స్ పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం మామూలు తరగతులకు 80 శాతం హాజరు చాలు, ఇంటర్న్‌షిప్‌కు మాత్రం 90 శాతం ఉండాలి. కోర్సు మొత్తంలో దేనికి ఎక్కువ విలువ ఇచ్చారో ఆ అంకెలోనే ఉంది. దొంగ సంతకాలు నడుస్తున్నాయా అంటే నడుస్తున్నాయి, ఏ కాలేజీలో నడుస్తాయో అడ్మిషన్‌కు ముందే అందరికీ తెలుసు కూడా. నడుస్తున్నంత మాత్రాన మీకు లాభమని ఎవరన్నారు?

కొన్న రికార్డు విషయానికొస్తే, నిజంగా జరిగిందొకటి చెప్తా, ఈ మెసేజ్‌కి జవాబు మొత్తం నా దృష్టిలో ఇందులోనే ఉంది. ఒక ట్రైనీ అమ్మాయి, బీఎస్సీలో మంచి మార్కులు, విద్యుత్ పాఠం తీసుకుంది. పీరియడ్ ప్లాన్ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది, సీనియర్ దగ్గర ఎత్తిరాసింది, అది నాకూ తెలుసు. శ్రేణి సంధానంలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, రెండు బల్బులు పెడితే రెండింటిలోనూ ఒకే కరెంటు పోతుందని బోర్డు మీద రాసింది. పిల్లలు రాసుకున్నారు. మూడో వరుసలోంచి ఒకడు లేచి, “మేడం, ముందున్న బల్బు కొంచెం కరెంటు తాగేస్తది గదా, ఎనక దానికి తక్కువ పోతది” అన్నాడు. ఇది వాడొక్కడి తప్పు కాదు, కరెంటు బల్బులో ఖర్చయిపోతుందని పిల్లల్లో చాలామంది అనుకుంటారు, ఏ దేశంలోనైనా. అమ్మాయి తడబడలేదు, చేసి చూపిస్తా ఉండండని సెల్లు, వైర్లు, రెండు టార్చి బల్బులు తీసింది. వెలిగించింది. ఒక బల్బు బాగా వెలిగింది, రెండోది మినుకుమంది. వెలిగింది కూడా వాడు చెప్పిన మొదటి బల్బే! క్లాసు క్లాసంతా “నేను చెప్పలే?” అని వాడి వైపు తిరిగింది. అమ్మాయి మొహం మాడిపోయింది. బెల్లు కొట్టారు.

స్టాఫ్ రూంలో కూర్చుని ఇద్దరం ఆ బల్బుల మొదళ్ల మీద అంకెలు చూశాం. రెండూ ఒకే రకం కావు. దుకాణంవాడు చేతికి దొరికినవి ఇచ్చాడు, ఈమె చూసుకోలేదు. నిరోధం ఎక్కువున్న బల్బు శ్రేణిలో ఎక్కువ వెలుగుతుంది, ముందున్నా వెనకున్నా సరే. ఈ సూత్రం ఆమెకు కొత్త కాదు, డిగ్రీలో లెక్కలు చేసే వచ్చింది, క్లాసులో మాత్రం తట్టలేదు. మర్నాడు అవే బల్బులు తీసుకుపోయి వాటి స్థానాలు మార్చింది. అదే బల్బు ఇప్పుడు రెండో స్థానంలో ఉండి కూడా బాగా వెలిగింది. “మరి మొదటిది తాగేస్తే దీనికెలా వచ్చింది?” అని వాడినే అడిగింది. వాడు సెల్లు తిప్పి పెట్టమన్నాడు, తిప్పింది, అప్పుడూ అంతే. తర్వాత ఒకే రకం బల్బులు రెండు తెచ్చి చూపించింది. ఆ పీరియడ్ తర్వాత వాడికే కాదు, వాడి బెంచీ మొత్తానికి ఆ పాఠం మళ్లీ చెప్పే పని పడలేదు.

ఇప్పుడు చెప్పండి, బజారు రికార్డులో ఇది ఏ పేజీలో ఉంటుంది? ‘విద్యార్థుల సందేహాలు నివృత్తి చేయుట’ అని ఒక లైను ఉంటుంది, అంతే.

పాత బీఎడ్ వాదన దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఇది వినడానికి బలంగా ఉంటుంది, మా సీనియర్లు కూడా రిటైర్మెంట్ సభల్లో ఇదే అంటుంటారు. ఏడాది కోర్సులో ప్రాక్టీస్ టీచింగ్ కనీసం 40 రోజులు ఉండేది, ఆ చెప్పిన పాఠాలు కూడా చాలావరకు విడివిడి పాఠాలే, ఇవాళ ఒక బడిలో ఒకటి, రేపు ఇంకో సెక్షన్‌లో ఒకటి. అది చాలదనే టీచర్ల శిక్షణ మీద వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో కోర్సులు పొడిగించమంది, 2014 నిబంధనలు రెండేళ్లు చేశాయి, ఇంటర్న్‌షిప్ 20 వారాలైంది, మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. మరి పాతవాళ్లు మంచి సార్లు ఎలా అయ్యారంటే, ఉద్యోగంలో చేరాక మొదటి రెండు మూడు బ్యాచుల పిల్లల మీద నేర్చుకున్నారు. ఎవరైనా నిజాయితీ ఉన్న సీనియర్‌ను చాయ్ దగ్గర అడగండి, చెప్తారు. ఆ పిల్లలకు ఏమైందో ఎవరూ లెక్క రాయలేదు.

ఇంకో సంగతి, అప్పటి క్లాసు ఇప్పుడు లేదు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది, తర్వాత పై తరగతులకు పాకింది. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష. పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది ఒకటి, పుస్తకంలో ‘విశిష్టోష్ణం’ అనే తెలుగు ఒకటి, పరీక్షలో రాయాల్సిన ఇంగ్లీష్ మరొకటి. ములుగు, ఏటూరునాగారం వైపు పోతే ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలూ ఉంటారు. ఈ మూడు నాలుగింటి మధ్య ఎప్పుడు ఏ మాట వాడాలో కోచింగ్ సెంటర్‌లో నేర్పరు, నేర్పలేరు, అక్కడ పిల్లలుండరు కాబట్టి.

కొత్త విద్యా విధానంలో మళ్లీ ఏడాది బీఎడ్ వస్తోంది గదా అని కొందరు కింద కామెంట్ పెట్టారు. అది నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ చేసినవాళ్లకు. అదే విధానం బీఎడ్ ఏ రకమైనా స్థానిక బడుల్లో తరగతి గది శిక్షణ గట్టిగా ఉండాలంటోంది. పక్కనే నిట్ వరంగల్‌లో నడుస్తున్న నాలుగేళ్ల బీఎస్సీ-బీఎడ్ పిల్లలు కూడా బడికి పోవాల్సిందే.

పిల్లల సిలబస్ దెబ్బతింటుందన్న జాలి మాత్రం నాకు నవ్వు తెప్పించింది. పదో తరగతిని మామూలుగా ట్రైనీలకు ఇవ్వరు. మిగతా తరగతుల్లో యూనిట్ ఏదో, ఎప్పటికల్లా కావాలో ముందే అనుకుంటాం, వెనకబడితే రెగ్యులర్ టీచర్ అందుకుంటాడు. దసరా సెలవులకు, ఎఫ్ఏ పరీక్షలకు, మేడారం జాతరకు పోయిన పీరియడ్ల ముందు ట్రైనీ పాఠం నెమ్మదిగా నడవడం ఒక లెక్కా?

వెట్టిచాకిరీ మాట మాత్రం పూర్తిగా కొట్టిపారేయను. కొన్ని బడుల్లో ట్రైనీలు వచ్చారంటే టీచర్లకు పండగ. ఎవరు సెలవు పెడితే ఆ క్లాసుకు తోలతారు, కంప్యూటర్‌లో బడి లెక్కలు (యూడైస్) ఎక్కించమంటారు, మధ్యాహ్న భోజనం లెక్కలు రాయమంటారు, తెలుగు మెథడాలజీ అమ్మాయిని లెక్కల పీరియడ్‌కు పంపుతారు. కాలేజీ నుంచి సూపర్‌వైజర్ వచ్చేది ఫోటో దిగడానికి. ఇది అన్యాయమే. ఎంజీఎం ఆస్పత్రిలో హౌస్ సర్జన్లకు స్టైపెండ్ ఇస్తున్నప్పుడు నెలల తరబడి బడిలో పాఠాలు చెప్పేవాళ్లకు బస్ చార్జీలైనా ఇవ్వకపోవడం ఏమిటని అడగాల్సిందే, నేనూ మీతో కలిసి అడుగుతా. కానీ సగం మంది బడికే రాకుండా సంతకాలతో గడిపేస్తుంటే, రానివాళ్లకు డబ్బులెందుకని అవతలివాడు ఒక్క మాటంటే మన దగ్గర జవాబుందా? అడగాల్సింది ఇంకోటి కూడా ఉంది. నా క్లాసులో వారానికి రెండుసార్లైనా మా సబ్జెక్టు టీచర్ వెనక కూర్చుని చూడాలి, చూసింది కాగితం మీద రాసివ్వాలి అని మొదటి రోజే హెచ్‌ఎం గారిని మర్యాదగా అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే ఇప్పటిదాకా వాళ్లను ఈ మాట అడిగినవాళ్లు తక్కువ.

చివరికి కోచింగ్. హైస్కూల్ సాయంత్రం నాలుగుంపావుకు వదులుతారు, ఆ తర్వాత లైబ్రరీలు, రీడింగ్ రూంలు తెరిచే ఉంటాయి. దూరం ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లకు, ఇంట్లో పిల్లలున్న ఆడపిల్లలకు అది కష్టం, ఒప్పుకుంటా. కాలేజీలు ఇంటికి దగ్గరి బడి ఇస్తే అందులో సగం కష్టం తీరుతుంది, దానికోసం అర్జీ పెట్టొచ్చు. ఇకపోతే డీఎస్సీ పేపర్‌లో అన్నిటికన్నా ఎక్కువ, 44 మార్కులు, సబ్జెక్టు కంటెంట్‌వే. దానికి పునాది హైస్కూల్ పుస్తకాలే, మీరు రోజూ పాఠం చెప్పాల్సిన పుస్తకాలు. మూడో వరుస పిల్లవాడు లేచి అడుగుతాడన్న భయంతో చదివిన పాఠం గుర్తుండిపోతుంది, దానికి ఫీజు కూడా లేదు.