ఇట్లు, గర్భస్థ శిశువు

భారత రాజ్యాంగం రాయడానికి రాజ్యాంగ సభకు 2 సంవత్సరాల 11 నెలల పైచిలుకు పట్టింది. సీమంతం కార్డు రాసేవాళ్లకు అంత వెసులుబాటు లేదు. ఐదో నెలలో మొదలైన ముసాయిదా ఏడో నెలకల్లా ఉభయ సభల ఆమోదం పొందాలి. ఉభయ సభలంటే పుట్టిల్లు, అత్తిల్లు. ఎనిమిదో నెల పనికిరాదని చాలా ఇళ్లలో పట్టింపు, తొమ్మిదో నెలలో డాక్టరమ్మ వద్దంటుంది, అప్పటికీ తేలకపోతే చేతిలో మిగిలేది బారసాల కార్డు. ఇంత తక్కువ గడువులో ఇంత చిక్కు పత్రాన్ని ఏటా రాసి పారేస్తున్న జాతి మనది. దీనికి తగిన గుర్తింపు రాలేదనే బాధతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నాకు అర్హత ఉందా అంటే, ఉంది. తెలుగులో తప్పుల్లేకుండా రాస్తాడని పేరు పడిన పాపానికి మా బంధువర్గంలో ఎవరింట్లో సీమంతమైనా ప్రూఫు నా వాట్సాప్‌కే వస్తుంది. "ఒక్కసారి చూడు బాబాయ్, చిన్న చిన్న మార్పులే" అంటారు. చిన్న మార్పంటే సాధారణంగా ఒక తాతగారి పేరు ఇంకో తాతగారి పేరు కిందికి రావడం.

అసలు చిక్కంతా అక్కడే. పెళ్లికి ఈ పేచీ లేదు, ఎవరి కార్డు వాళ్లు అచ్చేయించుకుంటారు. సీమంతానికి కార్డు ఒకటి, తాతలు ఇద్దరు. తొలి కాన్పు పుట్టింటిది కాబట్టి చీర, గాజులు, సారె, హాలు అద్దె, భోజనాలు అన్నీ వాళ్ల లెక్కలోకి వస్తాయి. వంశం మాత్రం అత్తింటిది. మరి ఖర్చు పెట్టినవారి పేరు పైన వెయ్యాలా, ఇంటిపేరు ఇచ్చినవారి పేరు పైన వెయ్యాలా? పక్కపక్కన వేసి చూశాం. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ఎడమవైపున్నాయన గెలిచినట్టేనని కుడివైపాయన లా పాయింటు తీశారు. చివరికి వీడియో కార్డు చేయించి, ఇద్దరు తాతలకూ చెరో నాలుగు సెకన్లు సమానంగా పంచాం. ఒకాయన పేరు వస్తున్నంతసేపూ సన్నాయి మోగింది, రెండో ఆయన పేరు వచ్చేసరికి ట్యూను అయిపోయింది. ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దం వెనక ఎవరున్నారన్న విచారణ ఆ పిల్లాడికి పళ్లొచ్చినా ముగియలేదు.

(ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను 2024లో ఎత్తేశారు. ఎక్కువమందిని కనండని పెద్దలు వేదికలెక్కి మరీ చెబుతున్నారు. ఇదే ఊపు కొనసాగితే 'ఆహ్వానించువారు' దగ్గర ప్రభుత్వానికి కూడా ఒక లైను వదలాల్సి వస్తుంది. ఎడమా కుడా అన్నది వాళ్లే తేల్చుకోవాలి.)

తర్వాతి లైను 'కీ.శే. ముత్తాతగారి దివ్య ఆశీస్సులతో'. దీని మీద ఎవరికీ పేచీ ఉండదు. పోయినవారితో ఎవరికీ సమస్య లేదు. పై మూలన దండ వేసిన ఫొటో, కింద బంగారు రంగు అక్షరాలు. ఆ కిందనే ఇంకో లైను: 'ముత్తైదువలందరికీ ప్రత్యేక ఆహ్వానం'. ఈ రెండు లైన్ల మధ్య ఒక మనిషి పడిపోయింది, చూశారా? ముత్తాతగారి భార్య. ఆవిడ బతికే ఉంది. తడిబియ్యప్పిండి కొట్టించి, బెల్లం ముదురు పాకం రాకుండా పక్కనే నిలబడి చూసి, కొబ్బరి ముక్కలు నేతిలో వేయించి చలిమిడి కలిపింది ఆవిడే. ఆ హాల్లో పోగైన జనంలో అందరికన్నా ఎక్కువ కాన్పులు చూసిందీ ఆవిడే. అయినా ఆశీస్సులు భర్తవి, అక్షింతలు ముత్తైదువలవి, ఆవిడకు వంటింటి గుమ్మం. చనిపోయినాయన ముందు వరసలో, బతికున్నావిడ వెనక వరసలో ఉండే ఈ సీటింగు ఏర్పాటును మన కార్డులు రెండే రెండు లైన్లలో, ఒక్క పరుషమైన మాట లేకుండా సాధించాయి. ఇంత నైపుణ్యం రాజ్యాంగ సభకు కూడా లేదు.

పాతకాలం కార్డుల్లో ఇంతే ఉండేది. ఇప్పుడు కొత్త కవి బయల్దేరాడు. గర్భస్థ శిశువు.

"హాయ్ అత్తా! హాయ్ మామా! నేనింకా అమ్మ బొజ్జలోనే ఉన్నా. కానీ నా ఫస్ట్ పార్టీకి మీరంతా తప్పకుండా రావాలి! డ్రెస్ కోడ్: పేస్టల్ కలర్స్." ఇదీ ఈ మధ్య వస్తున్న కార్డుల వరస. ఏడో నెల శిశువు బయటి శబ్దాలు వింటుందని వైద్యులు ఒప్పుకుంటారు. వినడం వరకు మన పురాణాల్లోనూ సాక్ష్యం ఉంది. ప్రహ్లాదుడు నారదుడి మాటలు విన్నాడు, అభిమన్యుడు పద్మవ్యూహంలోకి వెళ్లే దారి విన్నాడు. అంతటి ఘనులే బయటికొచ్చాక మాట్లాడారు తప్ప లోపలినుంచి లొకేషన్ పంపలేదు. ఇప్పటి శిశువుకు పేస్టల్ అంటే ఏమిటో తెలుసు, క్లబ్‌హౌస్‌లో పార్కింగు రెండో సెల్లారులో అని తెలుసు, బుధవారంలోగా వస్తారో రారో చెప్పాలని తెలుసు. తెలియంది ఒకటే, వరసలు. నాన్న తమ్ముడికి 'హాయ్ మామా' అని వెళ్లిన కార్డు వల్ల ఒక బాబాయ్ అలిగి భోజనానికి రాలేదు. అందుకే ఈ మధ్య శిశువులు తెలివిగా 'హాయ్ ఫ్రెండ్స్' అంటున్నాయి.

ఆ శిశువు ఆడా మగా అన్నది కార్డులో సూచనగా కూడా రాకూడదు. ఈ విషయంలో చట్టం గట్టిదే. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం పరీక్ష చేసినవాళ్లు మాటలతో గానీ, సైగలతో గానీ, మరే విధంగా గానీ చెప్పకూడదు. స్కానింగు గదిలో డాక్టరు నోరు కుట్టేసుకుని కూర్చుంటాడు. తీరా కార్డు చూస్తే ఊయల, ఊయలలో నెమలి పింఛం, పక్కన వెన్న కుండ. డాక్టరు చెప్పలేనిది డీటీపీ ఆపరేటర్ తేల్చేశాడు. బుజ్జి లక్ష్మిని వెయ్యరాదా అని ఒకరిని అడిగాను. "అమ్మాయైనా మాకు సంతోషమే అండీ, కానీ బొమ్మ రెడీమేడ్‌గా కృష్ణుడిదే ఉంది" అన్నారు. ఆశకు కూడా టెంప్లేట్ ఉంటుందని అప్పుడే తెలిసింది.

బహుమతుల లైను సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. 'మీ ఆశీస్సులే మాకు కానుకలు' అని పెద్ద అక్షరాల్లో, దాని కింద క్యూఆర్ కోడు చిన్న సైజులో. ఆశీస్సులు స్కాన్ చేసి పంపే సౌకర్యం అనుకోవాలి.

సముద్రం దాటితే ఇంకో లోకం. డాలస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్ల సీమంతాలకు ముహూర్తం ఎప్పుడూ శనివారమే పడుతుంది. అక్కడికెళ్లాక గ్రహాలకు కూడా వీకెండ్ అలవాటైపోయింది. అయితే అక్కడివాళ్లు ఆ ఫంక్షన్ కార్డు కన్నా శ్రద్ధగా రాసేది ఇంకో ఆహ్వానం ఉంది. కాన్పుకు అమ్మానాన్నలను రప్పించేందుకు వీసా కోసం రాసే ఉత్తరం. అందులో నయాగరా జలపాతం ఉంటుంది, కుటుంబంతో కలిసి గడపడం ఉంటుంది, తిరిగి ఇండియాకు వచ్చేస్తారనే హామీ ఉంటుంది. ఇంగువ, శొంఠిపొడి, పొద్దున్నే నలుగుపెట్టి నీళ్లుపోయడం ఉండవు. విజిటర్ వీసా మీద ఒక విడతకు మామూలుగా ఆరు నెలల దాకానే ఉండనిస్తారు కాబట్టి ముందు అమ్మమ్మ షిఫ్టు, తర్వాత నానమ్మ షిఫ్టు. నయాగరా కారు కిటికీలోంచి కనిపించినా చూసినట్టే.

ఇంత జరుగుతున్నప్పుడు మూలం ఏమంటుందో చూడాలి కదా అని, ఇంట్లో చేసే వైదిక కర్మల పద్ధతులు చెప్పే ప్రాచీన గ్రంథం ఆపస్తంబ గృహ్యసూత్రం తిరగేశాను. తొలిచూలుకు నాలుగో నెలలో చెయ్యమంది, అదొక ఆశ్చర్యం. మూడు చోట్ల తెల్లమచ్చలున్న ఏదుపంది ముల్లు, మూడు దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి పట్టుకుని భర్త స్వయంగా ఆమె జుట్టు పైకి దువ్వి పాపట తీయాలి. వీణ వాయించే ఇద్దరిని పాడమనాలి. ఆ దంపతులు ఏ నది దగ్గర ఉంటున్నారో ఆ నది పేరు పాటలో రావాలి. లొకేషన్ షేర్ చెయ్యడం అప్పటినుంచే ఉందన్నమాట. హైదరాబాద్‌వాళ్లు మూసీ పేరుతో పాడించుకోవాలి కాబట్టి ఈ భాగం ఎందుకు మరుగున పడిందో అర్థం చేసుకోవచ్చు. ఆఖరున ఆమె మొలకెత్తిన యవలు, అంటే బార్లీ గింజలు, కట్టుకుని, నక్షత్రాలు కనిపించేదాకా మౌనంగా ఉండాలి.

మనం ఏదుపంది ముల్లు వదిలేశాం. వీణ పోయి డీజే వచ్చాడు. దువ్వెన భర్త చేతిలోంచి బ్యూటీషియన్ చేతికి మారింది, ఆయన పక్కన నిలబడి ఫొటోగ్రాఫర్ చెప్పినప్పుడు కడుపు మీద చెయ్యి వేస్తే చాలు. మౌనం ఒక్కటే నియమం తప్పకుండా నిలబెట్టుకున్నాం. సూత్రకారుడు చుక్కలు పొడిచేదాకా అన్నాడు, మనం కాన్పయ్యేదాకా పొడిగించాం. కార్డు మళ్లీ తీసి చదవండి. తాతలు ఆహ్వానిస్తున్నారు, కీర్తిశేషులు ఆశీర్వదిస్తున్నారు, పుట్టనివాడు డ్రెస్ కోడ్ చెబుతున్నాడు, ఈవెంట్ వాళ్లు ఫోన్ నంబరు ఇచ్చుకుంటున్నారు. మోస్తున్న మనిషి ఒక్కతే ఏమీ అనదు.

ఆమె పేరు పైవరసలో ఉండే కార్డు లేకపోలేదు. అది అంగన్‌వాడీలో ఉంటుంది. ఏటా సెప్టెంబరులో పోషణ మాసం అని చేస్తారు, ఆ రోజుల్లో కేంద్రాల్లో గర్భిణులందరినీ వరసగా కూర్చోబెట్టి పసుపు, కుంకుమ, గాజులు, పండ్లు ఇచ్చి సీమంతం జరిపిస్తారు. అక్కడ ఆహ్వాన పత్రిక ఉండదు. టీచరమ్మ వీధి మొదట్లోంచే "రేపు పదింటికి రావాలే, కార్డు తెచ్చుకో" అని కేకేసి వెళ్తుంది. ఆ కార్డంటే తల్లీబిడ్డల రక్షణ కార్డు. మొదట ఆమె పేరు, తర్వాత ఆమె బరువు, ఆమె బీపీ, ఆమె హిమోగ్లోబిన్. 11 కన్నా తగ్గితే రక్తహీనత అని రాసి మాత్రలిస్తారు. తాతల పేర్లకు గడి లేదు. సాహిత్యపరంగా చాలా పేలవమైన రచన, ఒక్క విశేషణం కూడా ఉండదు.

మా అన్నయ్య కూతురి కార్డు పోయిన నెల నా దగ్గరికొచ్చింది. అంతా దిద్ది పంపాక రాత్రి తనే ఫోన్ చేసింది.

"బాబాయ్, నాది ఒక్క లైను పెట్టగలవా?"

"చెప్పమ్మా."

"భోజనాలు పన్నెండున్నరకల్లా పెట్టించండి, నేను ఆకలికి ఆగలేను. స్వీట్లు నా నోట్లో పెట్టకండి, షుగర్ 152 వచ్చింది."

24, 28 వారాల మధ్య డాక్టర్లు 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీసి చూస్తారు. 140 వచ్చినా, దాటినా తీపి కట్టు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఏడో నెల సీమంతం పడుతుంది, వచ్చిన ప్రతి పెద్దమ్మా "ఒక్క ముద్దకు ఏం కాదులే" అంటూ ఆ పిల్ల నోరు తెరిపిస్తుంది. ఒక్కొక్కరికీ ఒక్క ముద్దే. పెద్దమ్మలు మాత్రం ఒక్కరు కాదు.

ఆ లైను యథాతథంగా చేర్చి ఉభయ సభలకు పంపాను. పుట్టింటి సభ నుంచి వెంటనే అభ్యంతరం: "షుగరని కార్డులో వేస్తే పదిమందీ ఏమనుకుంటారు? మా వైపు ఎవరికీ లేదు." అత్తింటి సభ సమాధానం: "మా వైపు అసలే లేదు." షుగర్ ఏ వంశంనుంచి సంక్రమించిందన్న చర్చ అర్ధరాత్రి దాకా నడిచింది. భోజనాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ముహూర్తం 12:48కి కాబట్టి పన్నెండున్నర భోజనం ఎలాగూ కుదరదని పురోహితుడి వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చింది. లైను కొట్టేశారు.

మర్నాడు పొద్దున ఆ లైనే తీసుకుని నాలుగు మాటలు మార్చి మళ్లీ పంపాను: "హాయ్ ఫ్రెండ్స్! నాకు లోపల భలే ఆకలేస్తుంది, పన్నెండున్నరకే బువ్వ పెట్టేయండి. తీపి నాకు పడదు, అమ్మకు పెట్టకండేం! ఇట్లు, గర్భస్థ శిశువు."

పది నిమిషాల్లో ఆమోదం. గ్రూపు నిండా ఎర్ర గుండెలు. పురోహితుడు ముహూర్తాన్ని 11:36కి జరిపాడు. పుట్టింటి సభ "పుట్టకముందే ఎంత తెలివి!" అంది. అత్తింటి సభ "అచ్చం తాత పోలికే" అంది.

ఏ తాతన్నది ఇంకా తేలలేదు.