పిల్లలు విడివడే వేళ మన వంతు

కాలేజీకి వెళ్లిన కొడుకు వారానికొక్కసారైనా ఫోన్ చేయడం లేదని, మనం వలస వచ్చిన ఈ దేశపు పెంపకమే పిల్లలను మనకు కాకుండా చేస్తోందని మన తెలుగు సంఘంలో తల్లిదండ్రులు తరచూ వాపోతుంటారు. ఆ బాధ నిజమే. దానికి మనం చెప్పుకొంటున్న కారణం మాత్రం సరైనది కాదని నా అభిప్రాయం.

శిశువు తల్లి నుంచి మానసికంగా విడివడి తనకంటూ ఒక వ్యక్తిగా రూపొందే క్రమాన్ని మనోవిశ్లేషకురాలు మార్గరెట్ మాలర్ 1975లో సహచరులతో కలిసి వెలువరించిన గ్రంథంలో వివరించారు. అందులో సుమారు 16 నెలల నుంచి రెండేళ్ల వరకు సాగే దశ ప్రత్యేకమైనది. బిడ్డ అమ్మను వదిలి పరుగెడుతుంది, అంతలోనే వెనక్కి వచ్చి ఆమె మోకాళ్లను చుట్టేసుకుంటుంది, ఎత్తుకోబోతే పెనుగులాడి దిగిపోతుంది. ఈ రాకపోకలకు తల్లి నొచ్చుకోకుండా, వెంటబడకుండా అందుబాటులో ఉంటే, కంటికి కనిపించకపోయినా అమ్మ తనకు ఉందన్న నమ్మకం బిడ్డకు క్రమంగా కుదురుతుంది. కౌమారంలో ఇలాంటిదే రెండోసారి జరుగుతుందని మనోవిశ్లేషకుడు పీటర్ బ్లాస్ 1967లో ప్రతిపాదించారు.

అమెరికన్ మనోవైద్యుడు హారీ స్టాక్ సలివన్ వేసిన బాటలో సాగిన ఇంటర్‌పర్సనల్ మనోవిశ్లేషణ, ఒక మనిషి ప్రవర్తనకు మూలాన్ని ఆ మనిషిలోనే కాక, అతనికీ ఎదుటివారికీ మధ్య నడిచేదానిలో వెదుకుతుంది. తల్లి ఆందోళన మాటలతో పని లేకుండానే శిశువుకు సోకుతుందని సలివన్ భావించారు. "తిన్నావా?" అన్న మెసేజ్‌కు జవాబు కాస్త ఆలస్యమైతే చాలు, పిల్లవాడు ఎక్కడున్నాడో ఫోన్‌లో వెదికే మన అలవాటును ఈ దృష్టితో చూస్తే, వాడి మౌనంలో కొంత మన భయానికి సమాధానమేనని తోస్తుంది.

ఆ భయం ఎక్కడిది? వలస వచ్చినవారు పెద్ద వయసులో మూడోసారి ఇలా విడివడవలసి వస్తుందని, అందులో వదిలి వచ్చినవాటి కోసం దుఃఖించడం కూడా భాగమని మనోవిశ్లేషకుడు సల్మాన్ అఖ్తర్ 1995లో రాశారు. ఊళ్లో అమ్మానాన్నలను వదిలి వచ్చిన దిగులు మనలో చాలామందికి నేటికీ తీరలేదు. బిడ్డ గడప దాటుతుంటే ఆ పాత దిగులే తిరగబెడుతుందని, దానికి వాడిని బాధ్యుణ్ణి చేస్తున్నామని నేను నమ్ముతున్నాను.

భారతీయుల వ్యక్తిత్వం కుటుంబంతో పెనవేసుకునే రూపొందుతుందని మనోవిశ్లేషకుడు అలన్ రోలండ్ 1988లో చెప్పినది నిజమే కనుక, పాశ్చాత్య కొలత మనకు పూర్తిగా సరిపోదు. పిల్లలతో రోజూ మాట్లాడాలనుకోవడం జబ్బేమీ కాదు. అయితే ఆ మాట వాళ్లంతట వాళ్లు కలపడానికి చోటు మిగల్చాలి.

మన వార్షికోత్సవాల్లో కాలేజీ ప్రవేశాల సదస్సులు తప్పకుండా ఉంటాయి. పిల్లలను పంపించాక ఖాళీ అయిన ఇంటి గురించి, ఊళ్లో వదిలివచ్చిన పెద్దల గురించి, తెలుగు తెలిసిన మానసిక నిపుణుల సమక్షంలో తల్లిదండ్రులు మాత్రమే మాట్లాడుకొనే ఒక గంటను కూడా వచ్చే ఏడాది కార్యక్రమంలో చేర్చాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.