ఫ్రిజ్‌లో చలికాలం

బెజవాడలో హోస్టా పెంచాలన్నది నా బుర్రలో పుట్టిన ఆలోచనే. ఎవరినీ అనడానికి లేదు. అరచేతిలో పట్టేంత మొక్క. పచ్చటి ఆకు చుట్టూ తెల్లటి అంచు, మంగళగిరి చీరకు వేసినట్టు. నీడలోనే పెరుగుతుందట. సత్యనారాయణపురంలో మా ఇల్లు రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది, నీడకు కొదవ లేదు. 900 రూపాయలు పోసి ఆన్‌లైన్లో తెప్పించాను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలాయేమో గానీ మొక్క బతికింది. రోజుకు రెండుసార్లు నీళ్ళు, పైన తడి గోనెపట్టా. అంచు మాత్రం కాస్త మాడింది. ఆ తెలుపులో పత్రహరితం ఉండదు, ఎండ తగిలితే ముందు కాలేది అదే. వానాకాలంలో నత్తలు దిగాయి. రాత్రిపూట సెల్‌ఫోన్ లైటు వేసుకుని ఒక్కొక్కటే ఏరుతుంటే, పక్కింటాయన "ఏం పోయిందండీ, ఉంగరమా?" అంటూ తనూ వంగి వెతికాడు.

అసలు చిక్కు డిసెంబరులో వచ్చింది. దీని పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా. 5 డిగ్రీల లోపు చలిలో కొన్ని వారాలు నిద్రపోతేనే మళ్ళీ పుంజుకుంటుంది. మాకేమో 18కి దిగితేనే మంకీ క్యాపులు బయటికొస్తాయి. ఇంట్లో అంత చలి ఉన్న చోటు ఒక్కటే. మట్టి దులిపి, న్యూస్‌పేపర్లో చుట్టి, ఫ్రిజ్ అడుగున తోటకూర పక్కన పడుకోబెట్టాను.

సంక్రాంతికి పిలవడానికి తెనాలి నుంచి అత్తగారు వచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం రెండో ముద్దలో తెల్లగా ఏదో కనిపించింది. వేలితో విడదీశాను. గోరంత ముక్క. కందిపప్పులో అంతసేపు ఉడికినా అంచు అంచులాగే ఉంది.

"ఏం అల్లుడుగారూ, ఉప్పు తక్కువైందా?" వంటింటి గుమ్మం దగ్గర్నుంచి అడిగారు.

"అబ్బే, బాగుందండీ."

ఎడమచేత్తో ఫోన్ తీసి కంగారుగా వెతికాను. జపాన్‌లో దీని లేత చిగుళ్ళను 'ఉరుయి' అని వండుకుంటారట. ప్రాణభయం తీరాక ఏడుపు మొదలైంది, లోపల్లోపలే. నా మొహం చూసి ఆవిడ ఇంకో గరిటె వేశారు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక పెరుగు గిన్నెతో సహా వంటింట్లోకి పారిపోయింది. వేళ్ళయినా మిగిలాయా అంటే, చెత్తబండి పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయిందట.

సాయంత్రం బయల్దేరే ముందు అత్తగారు కూతురికి చెప్తున్నారు. "ఆ అంచు తోటకూర అల్లుడుగారికి బాగా నచ్చినట్టుందే. నాలుగాకులు ఏ మూలకొస్తాయి? ఈసారి రైతుబజారుకెళ్తే రెండు కట్టలు తెచ్చుకో."